కాదనకూడని కంచం

"పేరు నాదే వదినా. చెయ్యి మాత్రం నాది కాదు," అంది యాదిరా.

వంటగది బల్ల మీద ఆ కాగితం పరిచి, మడతలన్నీ అరచేత్తో సాపు చేసింది. స్కూలు నుంచి వచ్చిన కాగితం. నయేలీ బరువు గురించి. తొమ్మిదేళ్ళ పిల్ల, నలభై ఏడు కిలోలు. తల్లి ఆరోగ్య కేంద్రానికి వచ్చి నర్సుతో మాట్లాడాలని రాసి ఉంది. అందినట్టుగా అడుగున సంతకం, యాదిరా అని.

ఇలాంటివి రెండు. ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్లో ఒకటి. పోయిన ఆదివారం వదిన నూబే కుట్టుపెట్టెలో, బొత్తాల కింద దొరికాయి. ఆ సంగతి నాలుగు రోజులు కడుపులో దాచుకుని యాదిరా పరాయి ఇంట్లో, పరాయి పిల్లాడికి చేపలు ఉడకబెట్టింది. ఇవాళ గురువారం. యజమానుల ఇళ్ళలోనే ఉండి పనిచేసే ఆడవాళ్ళకి మాద్రిద్ అంతటా మధ్యాహ్నం నుంచి సెలవు. ఎనిమిదింటికల్లా మళ్ళీ బస్సెక్కాలి.

నూబే ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"నువ్వు లేవు. ఎవరో ఒకరు పెట్టాలి కదా సంతకం."

"నీ పేరే పెట్టొచ్చుగా."

"మేనమామ పెళ్ళాన్నంటే లోపలికి రానిస్తారా?"

"ఎక్కడ లోపలికి?"

కత్తి ఆగింది. అనకూడని మాట జారిపోయిందని నూబేకి అప్పుడు తెలిసింది.

"వెళ్ళావా నువ్వు?" అంది యాదిరా.

"వెళ్ళాను. రెండుసార్లూ."

"ఏమని చెప్పావు అక్కడ?"

నూబే తరిగిన ముక్కల్ని కత్తి వెనక్కి తిప్పి గిన్నెలోకి తోసింది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయ ఘాటు ఎంతో, మిగతాది ఎంతో చెప్పడం కష్టం.

"నువ్వే తల్లినని చెప్పావు," అంది యాదిరా.

"మరేం చెప్పమంటావు? తల్లి ఆదివారం కనిపిస్తుంది, గురువారం ఓ పూట కనిపిస్తుంది, మిగతా రోజులు ఫోన్లో కూడా దొరకదని చెప్పమంటావా? రాసుకుంటారు. వాళ్ళకి రాసుకోవడమేగా పని."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? ఆ సెన్యోరా ఆరాంచా నీకు సెలవిస్తుందా? ఏడుస్తావు. అక్కడ కూర్చుని ఏడుస్తావు, అంతేగా."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉండటమే యాదిరాకి నచ్చలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు తడబడాలి కదా. వదిన తడబడలేదు.

సోమవారం మూడో కబురు నేరుగా యాదిరా ఫోనుకే వచ్చింది. యజమానురాలు సెన్యోరా ఆరాంచా ఇంట్లో స్నానాలగది తలుపు గడియ వేసుకుని చదివింది. పిల్లల సంక్షేమం చూసే ఆవిడ గురువారం ఆరింటికి ఇంటికే వస్తుందట. ఇంట్లో పిల్లకి సరైన సంరక్షణ లేదని తేలితే, బంధువుల్లో తగినవాళ్ళకి అప్పగించే అధికారం తమకుందని చివర రాశారు.

బంధువులు. ఆ ఒక్క మాటనే యాదిరా మూడు రోజులు నమిలింది. నయేలీ తండ్రి అక్కడ స్వదేశంలో, గ్వాయాకిల్‌లో ఇంకో సంసారం పెట్టుకుని ఆరేళ్ళయింది. మాద్రిద్‌లో బంధువులంటే అన్నయ్య విల్మెర్, అతని భార్య నూబే. ఇంకెవరున్నారు?

"అన్నయ్యకి తెలుసా?"

"తెలీదు."

"మొగుడికి తెలీకుండా, ఆడపడుచుకి తెలీకుండా, తల్లినని చెప్పి నర్సు ముందు కూర్చున్నావు. పిల్ల చూస్తే నెలనెలా లావెక్కుతోంది. పెట్టేది నువ్వే, తీసుకెళ్ళేదీ నువ్వే. రేపు పిల్లని ఎవరికిద్దామని అడిగితే, ఇదిగో శ్రద్ధగల అత్త అని నిన్నే చూపిస్తారు. నాకు చదువు తక్కువే గానీ లెక్క తెలుసు వదినా."

"ఏం లెక్క?"

"పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఒడి నిండలేదు. నా పిల్లతో నింపుకుందామనుకున్నావు."

నూబే గిన్నె మీద మూత పెట్టింది. సరిగా కూర్చోలేదని తీసి మళ్ళీ పెట్టింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

అనేశాక యాదిరాకి నోరు చేదైంది. అయినా వెనక్కి తీసుకోలేదు. నిజమైతే తీసుకోనక్కర్లేదు కదా అనుకుంది. నిజమేనా అని మాత్రం తనను తాను అడగలేదు.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు," అంది నూబే చివరికి, గోడవైపు చూస్తూ. "అంతే నీ సంగతి."

అప్పుడే తలుపు తోసుకుని తార్హేలియమ్మ వచ్చింది. ఇంటి అద్దె కాగితం ఆవిడ పేరనే ఉంది. మిగతావాళ్ళు ఆవిడ దగ్గర గదులు తీసుకున్నవాళ్ళు. మా కారబాంచెల్ పేటలో ఇళ్ళన్నీ ఇంతే. హాలుకి కూడా తలుపు బిగించి గది చేసి ఇచ్చేస్తారు. ఉమ్మడిగా మిగిలేది వంటగది ఒక్కటే, అదీ గంటల లెక్కన. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంటుంది. ఐదింటికి తార్హేలియమ్మ, ఆరున్నరకి నూబే. వండుకోవడం ఇక్కడ, తినడం ఎవరి గదిలో వాళ్ళు, తలుపులేసుకుని.

"ఐదయింది. పొయ్యి నాది," అంది ఆవిడ. "కొట్టుకోవాలంటే నడవాలో కొట్టుకోండి. అక్కడ పిల్ల లెక్కలు చేసుకుంటోంది, అదీ వింటుంది."

"పెద్దమ్మా, మీకు తెలుసా ఈ కాగితాల సంగతి?" అంది యాదిరా.

"ఎవరికి తెలీదు? తరగతిలో ఇరవై నలుగురు పిల్లలు. తొమ్మిది కాగితాలొచ్చాయి. ఎవరికొచ్చాయనుకున్నావు? మనవాళ్ళ పిల్లలు నలుగురు, మొరాకోవాళ్ళు ముగ్గురు, ఆ జిప్సీ పిల్ల, ఇంకొకతె శాంతో దొమింగో పిల్ల. రొట్టెలకొట్టు వాడి కొడుకున్నాడే, కూర్చుంటే బెంచీ కిర్రుమంటుంది. వాడికి కాగితం లేదు. వాడు దిట్టంగా ఉన్నాడంటారు. మన పిల్లైతే జబ్బు."

తార్హేలియమ్మ లోహా పట్నంలో పుట్టిన మనిషి. మాట్లాడుతూనే పచ్చి అరటికాయల పాలచారు వేడి చేసింది, జున్ను చిదిమి వేసింది, కొత్తిమీర చల్లింది. ఒక గిన్నె నింపింది. ఇంకో గిన్నె తీసి, దాన్నీ నింపి, పైన పళ్ళెం బోర్లించింది. రెండూ పట్టుకుని తన గదివైపు బయల్దేరింది.

"రెండో గిన్నె ఎవరికి పెద్దమ్మా?"

"నాకే."

"మీరు ఒక్కరే కదా."

"రెండుసార్లు తింటాను. దానిక్కూడా కాగితం పంపిస్తారా?"

నూబే ఇటు తిరిగింది. "ఆ గిన్నె మీద కుందేలు బొమ్మ ఉంది. నయేలీది అది."

తార్హేలియమ్మ రెండు గిన్నెలూ బల్ల మీద పెట్టేసింది. అరవై మూడేళ్ళ మనిషి, దొరికిపోయినప్పుడు అచ్చం చిన్నపిల్లలా మొహం పెట్టింది.

"తల్లి దగ్గర లేని పిల్ల. స్కూలు నుంచి రాగానే వేడిగా ఓ గిన్నెడు చారు పోస్తే తప్పా? చారే కదా. అది భోజనమా?"

"రోజూనా?"

"రోజూ. నీ వదినకి చెప్పొద్దన్నాను పిల్లతో. చెబితే, నేను పెట్టేది చాలదా అని ఈవిడ మూతి ముడుచుకుంటుంది."

"నాతో చెప్పొద్దన్నారా?" అంది నూబే. "నేను రోజూ ఆరున్నరకి అన్నం పెడుతున్నాను. పప్పు, కోడికూర, వేయించిన అరటిపండు. తల్లి దగ్గర లేదు కదా అని ఓ గరిటె ఎక్కువే పెడతాను. మీరు ఐదింటికే పెడుతున్నారని నాకేం తెలుసు?"

"నువ్వు పెడతావని నాకు తెలుసు. బొటాబొటిగా పెడతావనుకున్నాను."

"ఏం చూసి అనుకున్నారు?"

యాదిరా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ కూడబలుక్కుని ఆడుతున్నారా అన్న అనుమానం కూడా ఒక్క క్షణం వచ్చింది. అనుమానానికి హద్దెక్కడుంది? ఒకసారి గుమ్మం తొక్కితే ఇంట్లో అన్ని గదులూ చూసిగానీ పోదు.

"నయేలీ, ఇలా రామ్మా," అని పిలిచింది.

నయేలీ పెన్సిలు చేత్తోనే వచ్చింది. గుండ్రటి మొహం, నున్నగా దువ్విన జడ, పొట్ట దగ్గర బిగుతైన స్కూలు చొక్కా. గుమ్మంలో ఆగి, ముగ్గురి మొహాలూ చూసి, చొక్కా కిందికి లాక్కుంది. ఈ మధ్య అలా లాక్కోవడం అలవాటైంది దానికి.

"సాయంత్రం ఏమేం తింటావో చెప్పు. ఎవరూ తిట్టరు."

పిల్ల తార్హేలియమ్మని చూసింది, అత్తని చూసింది.

"చెప్పవే," అంది తార్హేలియమ్మ. "దొరికిపోయాంలే."

"ఐదింటికి పెద్దమ్మ గదిలో చారు, రొట్టె. ఆరున్నరకి అత్త గదిలో అన్నం. ఎనిమిదింటికి మామయ్య సంచీ తెస్తాడు."

"ఏం సంచీ?"

"ఎవరైనా తెప్పించుకుని వద్దన్నవి. పిజ్జా ఉంటుంది, లేకపోతే వేయించిన చికెన్. మెట్ల దగ్గరే ఇస్తాడు. అత్తకి చెప్పొద్దంటాడు."

విల్మెర్ సైకిల్ మీద ఇళ్ళకి తిండి చేరవేసే పని చేస్తాడు. సంచీలోది తనూ తిని వచ్చే ఇంట్లో ఆకలి లేదంటున్నాడని నూబేకి ఇప్పుడు తెలిసింది. కుర్చీలో కూలబడింది.

యాదిరాకి ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. సెన్యోరా ఆరాంచా కొడుకు బోర్హాకి ఏడేళ్ళు. పోయినేడు వాడూ కాస్త లావెక్కాడు. ఏ కాగితమూ రాలేదు. డబ్బుచ్చుకునే డాక్టరు ఒకావిడ ఇంటికొచ్చి, వాడితో ఆడుకుంటూ మాట్లాడి, ఒక పట్టిక రాసిచ్చి వెళ్ళింది. ఆ పట్టిక అమలు చేసేది యాదిరానే. నూట ఇరవై గ్రాముల చేప, రెండు చెంచాల ఆలివ్ నూనె, గుప్పెడు బీన్సు. త్రాసులో తూచి పెడుతుంది. ఐదింటికి వాడిని ఈతకి తీసుకెళ్ళి, గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడుతుంది. ఆ పట్టిక ఆమెకి ప్రార్థనలా నోటికి వచ్చు. తన పిల్ల ఏం తింటోందో మాత్రం ఇవాళే తెలిసింది.

"అంత ఆకలేస్తుందా తల్లీ?"

"లేదు."

"మరెందుకు తింటావు?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. ఇది కూడా అడుగుతారా అన్నట్టు.

"నువ్వే చెప్పావుగా. ఎవరు కంచం పెట్టినా కాదనకూడదు, మనం ఒకళ్ళ పంచన ఉన్నాం, తిన్నాక 'ఆ దేవుడే మీకివ్వాలి' అని చెప్పాలి అని."

చెప్పింది. మూడేళ్ళ కిందట, పెట్టె పట్టుకుని ఈ గుమ్మంలోనే, ఆరేళ్ళ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. తన తల్లి తనకి చెప్పిన మాటే. మా దేశంలో పెట్టిన కంచం తోసేయడమంటే పెట్టిన మనిషి మొహాన్ని తోసేయడమే. పేదవాడు ఏమైనా పోగొట్టుకోవచ్చు గానీ పెట్టేవాళ్ళని పోగొట్టుకోకూడదంటారు. మూడేళ్ళుగా పిల్ల ఆ మాట తప్పలేదు.

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరి కళ్ళు ఒకరు తప్పించుకున్నారు. మాట్లాడితే తప్పు ఎవరిదో తేల్చాల్సి వస్తుంది.

గంట మోగింది. ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది.

వచ్చినావిడ పేరు బెగోన్యా. నలభై ఏళ్ళుంటాయి. వీపున సంచీ, చేతిలో ఫైలు. వంటగదిలోనే కూర్చుంటానంది. కూర్చుంటూనే ఫ్రిజ్ మీది కాగితం చదివింది, పొయ్యి మీద మూత చూసింది. కళ్ళు అన్నిటి మీదా మర్యాదగానే తిరిగాయి. అలా మర్యాదగా తిరిగే కళ్ళంటేనే యాదిరాకి భయం.

తార్హేలియమ్మ అరటికాయ చారు మళ్ళీ వెచ్చబెట్టి, గిన్నె ఆవిడ ముందు పెట్టింది. చెంచా పెట్టింది. గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"తీసుకోండి అమ్మగారూ. వేడిగా ఉంది."

"వద్దండీ, థాంక్స్. నేను తినేసే వచ్చాను," అంది బెగోన్యా నవ్వుతూ. గిన్నెని రెండు వేళ్ళతో ఓ జానెడు పక్కకి జరిపి, ఆ చోట ఫైలు పెట్టుకుంది.

తార్హేలియమ్మ మొహం మాడింది. నూబే నేల చూసింది. ఏమీ జరగనట్టు బెగోన్యా కలం మూత తీసింది. ఆవిడ లెక్కలో ఏమీ జరగలేదు కూడా.

నయేలీ మాత్రం ఆ గిన్నెనే చూస్తోంది. గిన్నెని, ఆవిడని, మళ్ళీ గిన్నెని.

"అమ్మా," అంది మెల్లిగా. "అలా వద్దనొచ్చా?"



బెగోన్యా తలెత్తి నూబేవైపు తిరిగింది. "యాదిరా గారు మీరే కదూ? నర్సు మీ గురించి రాసింది. చదవమంటారా? తల్లి రెండుసార్లూ వేళకి వచ్చింది. శ్రద్ధగా విన్నది. తనంతట తనే ప్రశ్నలడిగింది." ఫైలు మీద వేలితో తట్టింది. "నాకొచ్చే ఫైళ్ళలో ఇలాంటి వాక్యం తక్కువ. సగం కష్టం దీంతోనే తీరిపోయింది మీకు."

నూబే కళ్ళతోనే యాదిరాని బతిమాలింది. ఊరుకో. ఒక్క గంట ఊరుకో.

ఊరుకుంటే ఏమవుతుందో యాదిరాకి తెలుసు. ఫైల్లో మంచి తల్లి ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉంటుంది. ఊరుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. కానీ ఆ నవ్వు, ఆ మెప్పు తన పేరు మీదుగా వెళ్ళి వదిన మొహం మీద వాలడం చూసింది. ఇవాళ ఒక గంట, రేపు ఒక సంతకం, ఎల్లుండి పిల్ల. 

"ఆవిడ మా వదిన నూబే," అంది. "తల్లిని నేను. యాదిరా అంటే నేను."

బెగోన్యా ఇద్దర్నీ చూసింది. గుర్తింపు కార్డు అడిగింది. చూసింది. తిరిగిచ్చింది. తర్వాత ఆ మంచి వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసింది. కోపంగా కాదు, పొరపాటు దిద్దినట్టు.

"ఆరోగ్య కేంద్రానికి వచ్చింది తల్లి కాదన్నమాట."

"నాకు ఆ కబురే తెలీదండీ."

"మీకు ఫోన్ చేశారు. నాలుగుసార్లు. ఇక్కడ ఉంది."

"పనిలో ఉన్నప్పుడు ఫోను సొరుగులో పెట్టాలి. మా సెన్యోరా నియమం."

తార్హేలియమ్మ ఇక ఆగలేకపోయింది. "ఒక్కటి అడుగుతాను చెప్పండి. తొమ్మిది కాగితాలూ మా పిల్లలకే ఎందుకొచ్చాయి? రొట్టెలకొట్టు వాడి కొడుకుని మీ త్రాసు మొయ్యలేకపోయిందా?"

"ఇరవై నలుగురినీ తూచారండీ. బరువెక్కువ ఉన్నవాళ్ళు పదముగ్గురు. అందరి తల్లులకీ ముందు ఫోనే చేస్తారు. నలుగురు ఎత్తారు, వచ్చి మాట్లాడారు, అయిపోయింది. ఎత్తనివాళ్ళకే కాగితం పంపేది."

ఆవిడ అబద్ధమాడుతోందని యాదిరాకి అనిపించలేదు. మొత్తం నిజం చెబుతోందనీ అనిపించలేదు. పగలు ఫోన్ ఎత్తగలిగే తల్లులెవరో, ఎత్తలేని తల్లులెవరో వీధిలో ఏ పిల్లాడినడిగినా చెబుతాడు.

బెగోన్యా అరగంట కూర్చుంది. కేకలెయ్యలేదు, బెదిరించలేదు. రాత్రికి ఒకటే భోజనం అంది. మంగళవారం, గురువారం ఐదింటికి మునిసిపాలిటీ కొలనులో ఈత అంది. మూడు నెలలకి మళ్ళీ తూస్తాం అంది. చివర ఒక కాగితం తీసి, మధ్యలో గీత చూపించింది.

"సాయంత్రం ఐదు నుంచి పడుకునేదాకా పిల్ల ఎవరి బాధ్యత? ఏం తింటోందో, ఎంత తింటోందో చూసుకునేది ఎవరు? ఒక్క పేరు. నలుగురు కలిసి చూసుకుంటామంటే ఎవరూ చూడరని నా అనుభవం. సోమవారంలోగా రాసి పంపండి."

"తల్లే కాకుండా వేరేవాళ్ళ పేరు రాస్తే?" అంది యాదిరా.

"రాయొచ్చు. అప్పుడు పిల్ల అసలు ఎవరి దగ్గర పెరుగుతోందని పైవాళ్ళు అడుగుతారు. నేను దాచను మీ దగ్గర."

ఆవిడ వెళ్ళిపోయాక తలుపు వేసి వచ్చిన నూబే బల్ల దగ్గర నిలబడింది.

"ఒక్క గంట నోరు మూసుకుంటే సరిపోయేది."

"నా పేరుతో నిన్ను మెచ్చుకుంటుంటే వింటూ కూర్చోమంటావా?"

"నేను మెప్పు కోసం వెళ్ళానా? పొద్దున నాలుగింటికి లేచి ఆఫీసులు తుడిచి, అక్కడి నుంచి తిన్నగా వెళ్ళాను. నిద్ర కళ్ళతో ఆ నర్సు చెప్పిందంతా రాసుకున్నాను."

"రాసుకుని ఏం చేశావు? అన్నం తగ్గించావా?"

"తగ్గించాను. ఓ గరిటె తగ్గించాను. పిల్ల బరువు మాత్రం తగ్గలేదు. నాకు పిచ్చెక్కింది. ఎక్కడ తింటోందా అని నేనూ అనుమానించాను. నిన్నే అనుమానించాను. ఆదివారం వచ్చి, తప్పు చేసినదానిలా చాక్లెట్లు కుక్కిపోతున్నావేమోనని."

యాదిరా ఆదివారాలు చాక్లెట్లు తెచ్చే మాట నిజమే.

"సోమవారం నా పేరు రాయి," అంది నూబే. "మధ్యాహ్నం నుంచి ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నువ్వు పని మానేస్తే సెప్టెంబర్లో నీ నివాస కాగితం మళ్ళీ రాదు. అది నీకూ తెలుసు."

తెలుసు. అందుకే భయం. ప్రేమగా అడిగినా, కాజేద్దామని అడిగినా మాట ఇదే కదా. మనిషి మొహం చూసి తేడా చెప్పగలిగితే కోర్టులెందుకు?

యాదిరా జవాబివ్వకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఏడు కావొస్తోంది, నూబే పొయ్యెక్కించినవన్నీ ఉడికాయి. నూబే వంతు నడుస్తోంది, అయినా నూబే అడ్డు చెప్పలేదు. సగం గరిటె అన్నం, ఒక గరిటె పప్పు, రెండు టమాటా ముక్కలు, సన్నగా తరిగిన క్యాబేజీ. బోర్హాకి సర్దినట్టే కంచంలో అందంగా సర్దింది. నయేలీ ముందు పెట్టింది. ఇవాళ పిల్ల ఇంకా ఏమీ తినలేదు. ఐదింటి చారు రెండు గిన్నెల్లోనూ చల్లారి మీగడ కట్టింది.

నయేలీ కంచం చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గుండె దిటవు చేసుకుంటున్నట్టు ఊపిరి పీల్చింది.

"వద్దమ్మా," అంది.

వంటగది అంతా ఆ మాట విన్నది. తార్హేలియమ్మ చెయ్యి నోటిమీదికి పోయింది.  పెట్టిన కంచం కాదంటే ఎలా ఉంటుందో యాదిరాకి పెద్దయ్యాక మొదటిసారి తెలిసింది. కానీ వెంటనే సంతోషం కూడా వచ్చింది. నేర్చుకుంది. నా పిల్ల వద్దనడం నేర్చుకుంది.

"సరే తల్లీ. వద్దంటే వద్దు," అని కంచం వెనక్కి తీసుకుంది. 

నూబే పొయ్యి దగ్గరికి వచ్చి తన గిన్నె మూత తీసింది. ఎందుకు తీసిందో తనకైనా తెలుసో లేదో. అలవాటో, ఉడుకుమోత్తనమో, ఏడుపో. ఎప్పటి కంచమే తీసుకుంది. అన్నం, కోడికూర, వేయించిన అరటిపండు. తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తింటే తిను. నాదీ వద్దంటే చెప్పేయి. ఏమీ అనుకోను."

నయేలీ అత్త మొహం చూసింది. ఎర్రబడిన కళ్ళు చూసింది. చెంచా అందుకుంది. ఒక ముద్ద తింది, నమిలింది, మింగింది. ఇంకో ముద్ద తీసుకుంది.

"ఆ దేవుడే నీకివ్వాలి అత్తా," అంది.

యాదిరా చేతిలో ఇంకా తన కంచం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. అడక్కూడదనుకుంటూనే అడిగింది.

"నాది వద్దన్నావు. అత్తది తింటున్నావు. ఎందుకే?"

పిల్ల చెంచా ఆపింది. తప్పు చేశానా అన్నట్టు ఇద్దర్నీ చూసింది. తర్వాత, పెద్దవాళ్ళకి తెలియని సంగతి చెబుతున్నట్టు, ఓపిగ్గా చెప్పింది.

"నువ్వు ఎనిమిదింటికి వెళ్ళిపోతావు కదమ్మా. అత్తతో ఉండాల్సింది నేను."